పాస్‌పోర్టులో పసుపు

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి నీరసంగా కూలబడ్డాను. జర్మనీలో నర్సు ఉద్యోగానికి నేను పెట్టుకున్న వర్క్ పర్మిట్ దరఖాస్తును ఆ ఉదయమే తిప్పి ఇచ్చేశారు. పాస్‌పోర్టు లోపలి పేజీల్లోకి పసుపు మరక దిగిందట.

పక్కసీటు పెద్దావిడ నా ఒళ్లో తెరిచి ఉన్న పాస్‌పోర్టులోకి తొంగిచూసింది. "గీ పసుపేంది బిడ్డా?"

"మా అమ్మ దేవుడి దగ్గర పెట్టి, తడి పసుపుతో బొట్లు పెట్టిందండీ. ఇది చెల్లదట. కొత్తది వచ్చేదాకా ఆ ఉద్యోగం ఆగదు."

ఆమె కొంగు తడిపి మరకను తుడవబోయింది. అది ఇంకా పరుచుకుంది. ఎల్బీనగర్‌లో దిగబోతూ నా భుజమ్మీద చెయ్యేసి, "మీ అమ్మకు జెప్పకు. వానకు తడిసిందను," అంది.

ఇప్పటికీ మబ్బు పట్టిందంటే చాలు, మా అమ్మ ఆ రోజటి వానను తిట్టిపోస్తుంది.