మా మధ్యవాడు

రగ్బీ ఆడి బతికానంటే మావాళ్లు ఇప్పటికీ నమ్మరు. దున్నపోతుల ఆటకు జీతమెవడిస్తాడని మా మామ వాదిస్తాడు. ఇచ్చారు. ఇప్పుడు బెంగళూరు నుంచి దేవనహళ్ళి వెళ్లే దారిలో ఒక గ్రౌండులో పిల్లలకు అదే ఆట నేర్పుతున్నందుకూ ఇస్తున్నారు.

ఆ ఆటలో స్క్రమ్ అని ఒకటుంది. ఎనిమిదిమంది ఇటు, ఎనిమిదిమంది అటు, తలలు దించి ఒకరినొకరు నెట్టుకుంటారు. ముందు వరసలో ముగ్గురు. చివరలున్న ఇద్దరూ మోసేవాళ్లు. మధ్యవాడు వాళ్ల భుజాల మీద చేతులు వేసి, దాదాపు వేలాడుతూ, కాలితో బంతిని వెనక్కి లాగుతాడు. పడితే ఆపుకోడానికి వాడి చేతులు ఖాళీగా ఉండవు. మా జట్టులో చివరలుండే మేమే ఆపాలి. ఎడమవైపు నేను, కుడివైపు ఇంకొకడు, మధ్యలో ఆనేకల్ మగ్గాల ఇంటివాడు, మా ముగ్గురిలో నోరున్నవాడు.

ఒక వానాకాలం మ్యాచ్‌లో స్క్రమ్ కూలింది. కాళ్లకింద బురద జారింది, అంతే. వీడియో ఎన్నిసార్లు చూసినా ఎవడి తప్పూ కనబడదు. కనబడితే బాగుండేది, తిట్టుకోడానికి ఒక మనిషైనా దొరికేవాడు. మా మధ్యవాడి మెడ విరిగింది. ఛాతీ కింద స్పర్శ పోయింది, చేతుల్లో కొంచెం కదలిక మిగిలింది.

ఆ తర్వాత నేను ఆట మానేసి కోచ్‌నయ్యాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మెడ ఎలా ఉంచాలి, వీపు ఎలా నిలపాలి అని పిల్లల ప్రాణాలు తోడేస్తుంటాను.

ప్రతి ఆదివారం నేనూ, ఆ కుడివైపు వాడూ ఆనేకల్ వెళ్లేవాళ్లం. వాణ్ణి మంచం మీంచి లేపి స్నానానికి కుర్చీలో కూర్చోబెట్టడం మా పని. మిగతా రోజులు తడిగుడ్డతో తుడవడమే. ఎడమ నేను, కుడి అతను, వాడి చేతులు మా భుజాల మీద. స్క్రమ్‌కి ముందు రిఫరీ చెప్పే మూడు మాటలూ వాడే చెప్పేవాడు: క్రౌచ్, బైండ్, సెట్. వంగు, పట్టుకో, ఆనుకో అని. చెప్పి నవ్వేవాడు. మాకు నవ్వొచ్చేది కాదు. వాడి భార్య అంతసేపూ వంటింట్లోనే ఉండేది. ఆట పేరెత్తితే ఆమెకు ఒళ్లుమంట. మాకు కాఫీ పెట్టేది, మాట్లాడేది కాదు.

ఈ ఏడాది, ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే ఆ కుడివైపు వాడికి నడుములో డిస్కు జారింది. బరువెత్తొద్దన్నారు. రెండు ఆదివారాలు తప్పాక నేనొక్కణ్ణే వెళ్లాను. అప్పటికే స్నానం తప్పి వాడి వీపు కింద పుండు మొదలైంది. మంచాన పడ్డ మనిషికి ఆ పుండే యముడని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఒంటరిగా ఎత్తబోయాను. నా భుజమూ పాతదే, సగంలో వదిలేసింది. వాడు మంచం మీదికి ఒరిగిపోయాడు.

"ఒక్కనితో కాదప్పా," అన్నాడు. "కోచ్‌వి గదా, మా ఇంటిదానికి నేర్పు."

ఆమె కొంగు బిగించి వచ్చి నిలబడింది. పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. కాళ్లు ఎడంగా పెట్టాలి, వీపు వంగకూడదు, నేల చూడకూడదు, అతని నడుము దగ్గర బట్ట గట్టిగా పట్టుకోవాలి. మొదటిసారి ఆమె నేల చూసింది. ముగ్గురం మంచం మీద కూలబడ్డాం. ఆ మ్యాచ్ గుర్తొచ్చి ముందు వాడి మెడ చూశాను. రెండోసారి వాడు మూడు మాటలూ చెప్పాడు, ఈసారి నవ్వలేదు. లేపాం. కుర్చీలో కూర్చోబెట్టాం.

నా దగ్గరున్న పిల్లలకన్నా ఆమె పట్టే బాగుంది. ఊరుకోలేక ఆ మాటే అన్నాను.

ఆమె మొహం తుడుచుకుంది. "పిల్లోళ్లకి బానే నేర్పతా ఉండావు గదన్నా," అంది. "వాళ్ల అమ్మోళ్లకి గూడా ఇట్ల ఎత్తేది నేర్పు."

వెటకారం కాదు. ఉప్పు అందుకోమన్నట్టు మామూలుగా అని, నీళ్లు పొయ్యడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున స్క్రమ్ ప్రాక్టీసు. గేటు దగ్గర తల్లులు నీళ్ల సీసాలు పట్టుకొని నిలబడి ఉన్నారు. రోజూ పలకరించేవాణ్ణి, ఆ రోజు తల దించుకుని లోపలికి వెళ్లాను. ముందు వరస వాళ్లను పిలిచాను. మధ్యలో కుర్రాడు పక్కవాళ్ల భుజాల మీద చేతులు వేసి, నా మాట కోసం చూస్తున్నాడు. క్రౌచ్ అనడానికి నోరు రాలేదు.

నాకు చేతనైన పని ఇదొక్కటే. కాసేపటికి క్రౌచ్ అన్నాను.