రెవరెండ్ అనే మాట

మా బాపు కొడకండ్ల చుట్టుపక్కల వాడలన్నీ నడిచి తిరుగుకుంట వాక్యం చెప్పేటోడు. చదువు తక్కువ. మిషనోళ్లు ఆయనను ఉపదేశి అనేటోళ్లు. జనగామల ఉండే పెద్ద పాదిరి అయ్యగారి పేరు ముందట మాత్రం రెవరెండ్ అని ఉండేది. మిషన్ బడిల చదివేటప్పుడు ఆ ఇంగ్లిషు మాటకు అర్థమేందని టీచరమ్మను అడిగితే నిఘంటువు తీసి చూపించింది. లాటిన్ నుంచి వచ్చిందట. భయభక్తులతో చూడవలసినవాడని అర్థమట. మొదట్ల గౌరవానికి తగిన ఎవరినైనా అట్లనే అనేటోళ్లట. తర్వాత అది చర్చి గురువుల బిరుదైంది.

సాయుధ పోరాటం నడుస్తున్న రోజులవి. దళంల తిరిగే ఇద్దరికి మా అవ్వ ఇంత జొన్న గట్క పెట్టింది. ఎవరు చెప్పిండ్రో, మిలిటరీ క్యాంపోళ్లు వచ్చి బాపును పట్టుకపోయిండ్రు.

అవ్వ, నేను రెండు దినాలు నడిచి జనగామకు పోయినం. అయ్యగారు వరండాల కుర్చీల కూసున్నడు.

"అయ్యగారూ, జర క్యాంపుకొచ్చి ఒక్క మాట చెప్పుండ్రి. మీరు చెప్తే ఇంటరు," అన్నది అవ్వ.

"అధికారులకు లోబడుమని వాక్యంల ఉన్నది గదమ్మా. వాళ్లకు తిండెందుకు పెట్టినవు?"

"ఆకలైతుందన్నరు. పెట్టిన."

"ఎవరికి పెడుతున్నవో చూసుకోవద్దా?" అనుకుంట లోపలికి పోయిండు. మంచినీళ్లు తాగుతరా అని గూడ అడగలే. తిరిగొచ్చేటప్పుడు అవ్వ ఏడ్చింది. నాకు ఏడుపు రాలే, పండ్లు కొరుక్కుంట నడిచిన.

ఇరవై దినాలకు బాపును ఇడిచిపెట్టిండ్రు. కుడిచేతి వేళ్లు బూటుకాళ్లతోని నలగ్గొట్టిండ్రు. బైబిలు పట్టుకోరాకుంటైంది.

ఆ వచ్చే ఆదివారమే అయ్యగారు ఆరాధనల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేతందుకు మా ఊరికొచ్చిండు. ఆయన గుడిల అడుగుపెట్టంగనే అందరు లేచి నిలబడ్డరు. నేను లేవలే.

"లే బిడ్డా," అన్నడు బాపు.

"లేవను. రెవరెండ్ అనే మాటకు అర్థం నాకు తెలుసు బాపూ."

బాపు ఆ నలిగిన చేతితోనే నా రెక్క పట్టి లేపబోయిండు. ఆయన ముఖం నొప్పికి ముడుచుకపోయింది. నేను లేచిన, ఆయన చెయ్యి నొయ్యొద్దని లేచిన. అయ్యగారు నన్ను చూసి, దీవించినట్టు తల ఊపిండు. ఆ తల ఊపుడు యాదికొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది.

తెల్లారి బాపు మెడకు గుడ్డ కట్టి అందుల చెయ్యి ఏసుకొని, పక్కూరికి వాక్యం చెప్పేతందుకు పోయిండు. బైబిలు పట్టుకొని ఎంట నేను నడిచిన.