పిడి కింద నక్షత్రం

మా ఎదురింటాయన కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. వీధిలో అందరూ ఆయన్ని గాలిదొర అంటారు. ఊరికే పెట్టిన పేరు కాదు. ఆయన దగ్గర పద్నాలుగు పాత గాలి పిస్తోళ్లున్నాయి. మందుగుండుతో పేలే రకం కాదు. లోపలి స్ప్రింగు గాలిని నొక్కితే చిన్న సీసపు గుండు ఎగిరి బయటపడుతుంది, అంతే. ఆయనకు కాల్చే సరదా కూడా లేదు. ఏ పిస్తోలు ఎక్కడ పుట్టింది, ఎవరు చేశారు, ఎన్ని చేతులు మారింది అని కూపీ లాగడమే పని. ఒక్కోదానికి ఒక్కో నోటుబుక్కు. వాటి వంశాలన్నీ కంఠతా వచ్చు. పెళ్లాం పుట్టిన ఊరు అడిగితే మాత్రం తల గోక్కుంటాడు.

పద్నాలుగోదాని దగ్గర ఆయన బండి ఆగిపోయింది. పాతసామాన్ల కొట్లో దొరికిందది. దానిమీద కంపెనీ పేరు లేదు, నంబరు లేదు. పిడి అడుగున చిన్న నక్షత్రం, పక్కన మూడు చుక్కలు. రెండేళ్లు ఉత్తరాలు రాశాడు, లావుపాటి పుస్తకాలు తెప్పించాడు. చివరికి, “ఇది ఎవరికీ తెలియని రహస్య కార్ఖానాలో తయారైంది అక్కయ్యా! లోకంలో ఇదొక్కటే మిగిలుంటుంది,” అని తేల్చాడు.

“ఎవరికీ తెలియకపోతే నీకెలా తెలిసింది తమ్ముడూ?” అన్నాను. ఆ రోజు నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

సంగతి తేల్చడానికి ఆదివారం పాత పిస్తోళ్లు సేకరించేవాళ్ల సంఘం నుంచి నిపుణుడు వస్తున్నాడన్నారు. ఆయన ఔనంటే పిస్తోలు సంఘం పుస్తకంలోకి ఎక్కుతుంది. దానికోసం అద్దాల బీరువా వస్తుంది. బీరువాకి ఆ ఇంట్లో ఉన్న జాగా ఒక్కటే, ముందుగది కిటికీ పక్క. అక్కడేమో గాలిదొర భార్య, నా వరసకి మరదలు, కుట్టు మిషను పెట్టుకుంది. ఆ వెలుతురులోనే ముప్ఫై ఏళ్లుగా వీధి మొత్తానికి బట్టలు కుడుతోంది.

“మిషను వంటింట్లోకి జరపమంటున్నారు వదినా. అక్కడ సూదిలో దారం మాట అటుంచు, సూదే కనపడదు,” అని కళ్లు ఒత్తుకుంది.

ఆదివారం నన్నెవరూ పిలవలేదు. చిరిగిన దిండు గలీబు ఒకటి పట్టుకుని వెళ్లాను. అది చిరగనంటే నేనే చింపాను.

నిపుణుడు చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని, భూతద్దం కంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి చూశాడు. గాలిదొర కూడా బిగబట్టాడు.

“అద్భుతం! ఈ నక్షత్రం కొట్టిన చెయ్యి మామూలు చెయ్యి కాదు,” అన్నాడు నిపుణుడు.

ఆయన భుజం మీదుగా తొంగి చూశాను. నక్షత్రానికి ఒక కొమ్ము వంకర. పోయిన నెల మరదలు మిషనుకి నూనె వేస్తుంటే ఈ వంకర కొమ్మునే చూశానే! గబగబా వెళ్లి మిషను తలని వెనక్కి వాల్చాను.

“బాబూ, ఇదీ ఆ రహస్య కార్ఖానాదేనా?”

నిపుణుడు వంగి చూశాడు. అదే నక్షత్రం, అవే చుక్కలు, అదే వంకర.

“ఆహా! అయితే వాళ్లు కుట్టు మిషన్లు కూడా చేసేవాళ్లన్నమాట!” అన్నాడు తొణక్కుండా.

మరదలు అప్పుడు నోరు విప్పింది. “కార్ఖానా ఏమిటండీ? అది తాళాల తాత గుర్తు. సందు మొదట్లో కూర్చుని తాళాలు, మిషన్లు బాగుచేస్తాడే, ఆయన. బాగుచేసిన ప్రతిదానిమీదా కొడతాడు, ఇంకొకరు పాడుచేసింది తన నెత్తిన రుద్దకుండా.”

“మరి నాకెందుకు చెప్పలేదు?” గాలిదొర గొంతు పీలగా వచ్చింది.

“ఆ పిస్తోలు నన్ను ముట్టుకోనిచ్చారా? ఈ మిషను మీరెప్పుడైనా ముట్టుకున్నారా?”

అందరం సందు మొదటికి నడిచాం. తాళాల తాత పిస్తోలుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నేను బాగుచేసిందే. సంతలో బెలూన్లు కొట్టించే అతను తెచ్చాడు. పైన అక్షరాలు తుప్పు పట్టిపోతే ఆకురాయి పెట్టి నున్నగా రుద్దేశాను. గాలి కారిపోతోందంటే లోపల తోలు వాషరు మార్చాను. నా పాత చెప్పులోంచి కోసిందే. ఇంకా గట్టిగా ఉందా?”

నిపుణుడు తొడుగులు విప్పి జేబులో పెట్టుకున్నాడు.

బీరువా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మూడోరోజు నేను గలీబు తెచ్చుకోవడానికి వెళ్లేసరికి, గాలిదొర కొత్త నోటుబుక్కు తెరిచి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఇంతకీ ఈ మిషను మనింటికి ఎక్కణ్ణుంచి వచ్చింది?” అని పెళ్లాన్ని అడిగాడు.

మరదలు దారం పళ్లతో కొరికి తలెత్తింది.

“మా అమ్మది. పెద్ద కథ, చెప్తాలెండి. ముందు ఆ వెలుతురుకి అడ్డం తప్పుకోండి.”