వేళ్లకు తెలియని సెగ

కిడ్నీలు చెడిపోయిన ఆ సంవత్సరాల్లో నేను అరకులో ఒక దినపత్రికకు విలేకరిని. డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు విశాఖ దిగి, మర్నాటి ప్యాసింజర్‌లో కొండెక్కేవాణ్ని. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ మోచేతి మడతలో ధమనిని సిరకు కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు. అక్కడ చర్మం కింద రక్తం ఎప్పుడూ ఝుమ్మంటూ ఉండేది. నేనుండేది ఒంటరిగా. పడుకున్నప్పుడు ఆ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటే గదిలో ఇంకెవరో ఉన్నట్టనిపించేది.

నా గదికి ఎదురుగా టీకొట్టు నడిపే ముసలమ్మది పెదబయలు ఊరు. ఓసారి చెవి ఆనించి విని, "లోపల తుమ్మెదేటైనా దూరిందేటి బాబూ?" అని పకపకా నవ్వింది.

ఆ చలికాలం నా ఎడమ వేళ్లు మంచుముక్కల్లా అయిపోయాయి. డిసెంబరులో అరకులో చేతులు చల్లబడితే అదీ ఒక వార్తేనా? ముసలమ్మ ఆముదం రాసి, "పొయ్యికాడ కూకో" అంటూ పీట వేసింది. డయాలసిస్ మంచం మీద ఆ చెయ్యి మరీ సలిపేది. అక్కడి ఏసీ వల్లేననుకున్నాను.

ఒక పొద్దున నేను పొయ్యి దగ్గర చెయ్యి కాచుకుంటుంటే ఆమె టీ పోస్తూ ఆగిపోయింది. "ఏటో మాడతంది బాబూ."

పొయ్యిలోకి చూశాను. మాడుతున్నది నా చిటికెన వేలు.

"ఒల్లు తెలీదేటి నీకు!" అని చెయ్యి లాగేసింది. తిడుతూనే కళ్లు తుడుచుకుంది.

విశాఖలో డాక్టరు రెండు చేతులూ పట్టుకు చూశాడు. కుడిది వెచ్చగానే ఉంది. చలి ఒక్క చేతికే ఎందుకేస్తుందని నాకు తట్టనేలేదు. ఆయన ఫిస్టులాను బొటనవేలితో అదిమాడు. ఝుంకారం ఆగింది. పాలిపోయిన వేళ్లకు మెల్లగా రంగొచ్చింది. వదలగానే మళ్లీ తెల్లబడ్డాయి. వేళ్లకు చేరాల్సిన రక్తం దగ్గరి దారిన సిరలోకి మళ్లిపోతోందట. ఇంతగా ముదరడం అరుదట.

"ఈ ఫిస్టులా కట్టేయాలి. ఉంచితే వేళ్లు దక్కవు."

"మరి డయాలసిస్?"

"ప్రస్తుతానికి మెడలో గొట్టం పెడతాం. తర్వాత కుడిచేతికి కొత్తది చూద్దాం. ఇంట్లో అడిగి చెప్పండి."

"అడగడానికెవరూ లేరండీ. కట్టేయండి."

కట్టేశారు. కొన్నాళ్లకు వేలి మీది కాలిన పుండు మానింది. ముసలమ్మ నా వేళ్లు తడిమి, "ఇప్పుడు మనిసి సెయ్యిలాగుంది" అని సంబరపడింది. అలవాటుగా మోచేతికి చెవి ఆనించి, ఇంకొంచెం గట్టిగా అదిమి మళ్లీ వింది.

"ఎల్లిపోనాదేటి బాబూ?"

"వెళ్లిపోయిందమ్మా."

ఆమె టీ పోసిచ్చింది. గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాను. చురుక్కుమంది. కింద పెట్టబుద్ధి కాలేదు.