అమావాస్యనాడు పడుకునే ఫోను

ఆదోనిలో చీరల కొట్టు మేడమీది గదిలో కూర్చుని ఫోన్లను కనిపెట్టుకుని ఉండడమే హేమలత ఉద్యోగం. ఎమ్మిగనూరు నేతగాళ్లకు యజమాని సుబ్బరామయ్య ఇచ్చిన ఫోన్లవి. ఇక్కడ ఆమె నొక్కితే అక్కడ కొత్త యాప్ ఎక్కుతుంది, సినిమాల యాప్ ఊడిపోతుంది. నేత నడిచేటప్పుడు యాప్ ఎక్కుతూ ఫోను మొరాయిస్తే డిజైను కనబడక చేయి ఆగుతుంది. అందుకని మగ్గాలకు సెలవుండే అమావాస్యనాడే యాప్‌లు ఎక్కేటట్టు ఏర్పాటు చేసి, తన తెలివికి తానే మురిసిపోయింది.

ఆ నేతగాళ్లలో తిప్పమ్మ ఫోను ఒక్కటే మూడు నెలలుగా చిక్కడం లేదు. కంప్యూటరు తెరమీద అందరి పేర్ల పక్కనా పచ్చచుక్క, ఆమె పేరు పక్కన ఎర్రచుక్క. పాత యాప్‌కు ఇక డిజైన్లు రావు. డిజైను లేకపోతే ఆమెకు నేతే లేదు.

"కొడుకు సినిమాలకు వాడుకుంటాండాడేమో. ఈ అమావాస్యకూ ఎక్కకుంటే ఫోను తెచ్చెయ్ పాపా, ఇంకో మగ్గానికిస్తాం" అన్నాడు సుబ్బరామయ్య.

సినిమాలే ఎక్కని ఫోనులో కొడుకేం చూస్తాడు? అదేదో తేల్చుకోవాలని అమావాస్య పొద్దున్నే హేమలత ఎమ్మిగనూరు బస్సెక్కింది.

తిప్పమ్మ ఇంట్లో మగ్గం శుభ్రంగా తుడిచి, బొట్టు పెట్టి ఉంది. దానిమీద పసుపుగుడ్డ పరిచి ఫోనును బోర్లా పడుకోబెట్టారు. దాని వీపునా కుంకుమబొట్టే.

"ఆపేసినావా అవ్వా?"

"పనిముట్టే గదమ్మా ఇదీ. మగ్గాన్ని పండబెట్టి దీన్నొక్కదాన్నే మేలుకోమంటే ఉసురు తగల్దా? మా ఆయన ఉన్నన్నాళ్లూ ఈ దినం నూలు కండె గూడా తాకనిచ్చినోడు కాదు. ఆయన పోయినాడని నేను తప్పేదా?"

ఇవాళ ఎక్కకపోతే ఫోను పోతుందని హేమలత నెమ్మదిగా చెప్పింది. తిప్పమ్మ ఫోను కింది పసుపుగుడ్డ ముడత సరిచేసింది.

"తీస్కపోతే తీస్కపో పాపా. ఈ పొద్దు మాత్రం దాన్ని లేపొద్దు."

హేమలత వీధిలోకి వచ్చి సుబ్బరామయ్యకు ఫోను చేసింది. కొడుకు తప్పేమీ లేదనీ, తాను ఎంచుకున్న రోజే తప్పనీ చెప్పింది. దసరాకు తక్కెడకు బొట్టు పెట్టినరోజు ఆయన కూడా నూలు తూచడు.

"సరే. రేపు అది లేచినాకనే ఎక్కించు" అన్నాడు.

మరునాడు ఎర్రచుక్క పచ్చబడేదాకా హేమలత టీ ముట్టలేదు. ఆ తర్వాత నేత ఎంతవరకు వచ్చిందో చూపిస్తూ కొత్త యాప్‌లో తిప్పమ్మ పంపిన మొదటి ఫోటో వచ్చింది. చీర అంచు కనబడుతూనే ఉంది గానీ, కెమెరాకు కుంకుమ అంటి బొమ్మంతా ఎర్రగా ఉంది. తుడిచి మళ్లీ పంపమందామనుకుని, హేమలత ఆ మాట టైపు చేయకుండానే ఆగింది. ఆ ఎరుపులో చీరది ఎంతో, కుంకుమది ఎంతో అని తెర దగ్గరికి వంగి చూస్తూ ఉండిపోయింది.