అంతయ్య నిలబెట్టిన నైరుతి బావి

విశ్వవిద్యాలయంలోని భూవిజ్ఞాన శాఖ ఏటా ఒక సమాచార పత్రిక అచ్చు వేస్తుంది. ఎవరికి డాక్టరేటు వచ్చిందీ, ఎవరు వచ్చి ఉపన్యాసం ఇచ్చిందీ, విద్యార్థులు ఏ కొండలు ఎక్కి దిగిందీ అన్నీ అందులో ఉంటాయి. పంతొమ్మిది వందల ఎనభై ఆరు నాటి పత్రికలో ఏడో పేజీ అడుగున మూడు వాక్యాల వార్త ఒకటి ఉంది. "మే నెలలో ఎల్బీనగర్ సమీపంలోని సౌభాగ్యనగర్ కాలనీలో భూగర్భజల శిక్షణ జరిగింది. పద్నాలుగు మంది విద్యార్థులు పాల్గొన్నారు. స్థానికులు సహకరించారు."

ఆ స్థానికులు ఎవరో పత్రిక చెప్పలేదు. నేను చెబుతాను. ఆయన పేరు అంతయ్య. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా ఆ శాఖలోనే రాళ్లు నూరే పని చేస్తున్న మనిషి. మా కాలనీ ఇవాళ తాగుతున్న నీళ్లు ఆయన చలవ.

రాళ్లు నూరడమంటే తేలిక పనేం కాదు. కొండ మీంచి తెచ్చిన రాయిని రంపం మీద బిళ్లగా కోసి, గాజు పలకకు అతికించి, గరుకు పొడి చల్లి, నీళ్లు పోస్తూ నూరాలి. రాతిలోంచి వెలుతురు దూరేదాకా, అంటే వెంట్రుకకంటే పలచనయ్యేదాకా నూరుతూనే ఉండాలి. అప్పుడుగానీ మైక్రోస్కోపు కింద ఆ రాయి పుట్టుక తెలియదు. కాస్త ఎక్కువ నూరితే బిళ్ల మొత్తం నీళ్లలో కొట్టుకుపోతుంది. అంతయ్య మాత్రం వేలి కొసతో తడిమి, "ఇంక రెండు తిప్పులు" అనేవాడు. సరిగ్గా రెండు తిప్పులే. ఆ పలకల మీద పరిశోధన చేసి ప్రొఫెసర్లయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఏ పుస్తకంలోనూ అంతయ్య పేరు లేదు. చదువు పేరుతో మనం చేసే అన్యాయాల్లో ఇదొకటి.

అంతయ్య ఉండేది మా కాలనీ పక్క బస్తీలో. ముప్పై గుడిసెలు. మేం రాకముందు అక్కడ జొన్న చేలుండేవి. చేలు ప్లాట్లయ్యాయి. చేలల్లో పనిచేసినవాళ్లే మా ఇళ్లకు ఇటుకలు మోశారు. పొలానికి నీళ్లు పారించిన పాత మోటబావి మాత్రం కాలనీ మూలన అలాగే మిగిలింది. దాన్ని తవ్వినవాళ్లలో అంతయ్య తండ్రి ఎల్లయ్య కూడా ఒకడు. బస్తీ మొత్తం ఆ నీళ్లే తాగేది.

ఇక మా సంగతి. మాలో సగం మంది కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఉద్యోగాలకని వచ్చినవాళ్లం. మా ఊళ్లలో బోరింగు పంపు ఎక్కడ దించినా ఇరవై అడుగుల్లో నీళ్లు పడతాయి. నేలంటే అన్నిచోట్లా ఒకటేననుకున్నాం. అందుకని ఇక్కడ నీళ్లెక్కడున్నాయని ఎవరినీ అడగలేదు. వాస్తు పండితుణ్ణి అడిగాం. ఆయన ఈశాన్యం చూపించాడు. బోరు వేయించిన ప్రతివాళ్లం ఈశాన్యం మూలనే వేయించాం. రెండేళ్లలో పదకొండు బోర్లు. పదకొండింటిలోనూ తెల్లటి రాతిపిండి తప్ప చుక్క రాలేదు. ఎనభై ఆరు ఎండాకాలానికి వారానికి రెండుసార్లు వచ్చే ట్యాంకరే మాకు దిక్కయింది. దాని గొట్టం దగ్గర పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా లుంగీలు ఎగ్గట్టి కొట్టుకునేవాళ్లు.

పండితుడు మళ్లీ వచ్చాడు. కాలనీ అంతా తిరిగి మోటబావి దగ్గర ఆగాడు. "ఇదిగో దోషం. నైరుతిలో గొయ్యి ఉంటే ఈశాన్యంలో నీళ్లు ఎలా పడతాయి? ఇళ్ల యజమానులకు కూడా మంచిది కాదు" అన్నాడు. ఆ ఏడే కాలనీలో ఇద్దరికి గుండెజబ్బు వచ్చింది. ఇంకేం కావాలి! ఏప్రిల్ చివర్లో సంఘం సమావేశం పెట్టి బావి పూడ్చాలని తీర్మానించాం. చేతులెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ సమావేశానికి అంతయ్యను ఎవరూ పిలవలేదు. తనే వచ్చి షామియానా బయట నిలబడ్డాడు. తీర్మానం చదవడం అయ్యాక చెయ్యెత్తాడు.

"సార్, జర ఒక్క మాట. గా బావి పూడిస్తే మా బస్తోళ్లు ఏం తాగాలె?"

సంఘం అధ్యక్షుడు సాంబమూర్తి గారు రిటైరైన హెడ్మాస్టరు. చెడ్డవారు కాదు. పట్టుదల మనిషి. "మీకూ ట్యాంకరు నీళ్లు ఇప్పిస్తాం లేవయ్యా అంతయ్యా" అన్నారు.

"ట్యాంకర్ కాడ మీకే సాలుతలేవు గద సార్."

వెనక ఎవరో నవ్వారు. సాంబమూర్తి గారికి కోపం వచ్చింది. "అయితే ఏం చెయ్యమంటావు? అందులో ఉన్నవి నాలుగు బిందెల నీళ్లు. అవి ఈ కాలనీకి సరిపోతాయా?"

"సరిపోతయి సార్. మా నాయిన తవ్విన బావి అది. పడమటి దిక్కు మెత్తటి మొరం, ఊటంతా గక్కడి నుంచే. తూర్పు దిక్కు నల్లరాయి అడ్డమొచ్చి గడ్డపారలు వంగినయంట. మా డిపార్ట్‌మెంట్ మేడమ్‌ను తోలుకొస్త. ఆమె చూసినంక కూడ లేదంటే, మీ ఇష్టం."

ఎవరో "మేడమ్ వస్తుందటండీ, నీళ్లు తెస్తుందట" అన్నారు. సాంబమూర్తి గారు మాత్రం కాసేపు ఆలోచించి మూడు వారాలు గడువిచ్చారు. బావిలో నీళ్లు మొత్తం తోడాలి, సాయంత్రం ఐదు గంటలకల్లా నిలువెత్తు నీళ్లు తిరిగి రావాలి. రాకపోతే అప్పటికప్పుడే పూడ్చేస్తారు. అదీ షరతు.

మర్నాడు పొద్దున్నే అంతయ్య బావిలోకి దిగి తూర్పు గోడ నుంచి గుప్పెడంత నల్లరాయి పగలగొట్టుకున్నాడు. అన్నం టిఫిను పక్కన పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కాడు. శాఖలో ఎవరి రాయైనా నూరేముందు రిజిస్టరులో రాయాలి. ఎవరి కోసం, ఏ పరిశోధన కోసం అని. అంతయ్య ఆ గడిలో తన పేరే రాసుకున్నాడు. పద్దెనిమిదేళ్లలో అది మొదటిసారి. మధ్యాహ్నానికి పలక తయారైంది. దాన్ని తీసుకెళ్లి భూగర్భజలాలు బోధించే కుసుమకుమారి గారి బల్ల మీద పెట్టాడు.

ఆవిడ మైక్రోస్కోపులో చూసి తలెత్తారు. "ఎక్కడిదయ్యా ఈ డోలరైటు? ఎవరి పలక ఇది?"

"నాదే మేడమ్. మా బస్తీ బావిది."

"ఈ రాయి నేల కింద గోడలా ఉంటుంది అంతయ్యా. చాలాదూరం పోతుంది. నీళ్లను ఒకవైపే ఆపుతుంది, చెరువుకి కట్ట ఆపినట్టు. బావి కట్టకి ఏ వైపుంది?"

"నీళ్ల వైపే మేడమ్. కాలనీ బోర్లన్నీ కట్టకు అవతల ఏసిండ్రు."

ఆవిడ పెద్దగా నవ్వారు. తర్వాత నవ్వు ఆపేసి సంగతంతా అడిగారు. మే నెలలో ఎమ్మెస్సీ విద్యార్థులను శిక్షణకు దూరపు జిల్లాకు తీసుకెళ్లాల్సి ఉంది. శాఖ అధిపతి దగ్గరికి వెళ్లి గంటసేపు వాదించి ఆ శిక్షణను మా కాలనీకి మార్పించారు. ఆ సంతకాల కోసం ఆవిడ ఎన్ని గదులు తిరిగారో అంతయ్య తర్వాత చెప్పాడు. ఆవిడకూ రుణపడి ఉన్నాం.

మే మూడో ఆదివారం పొద్దున ఆరున్నరకు డీజిలు పంపు మొదలైంది. కాలనీ మొత్తం బావి చుట్టూ మూగింది. హయత్‌నగర్ నుంచి మట్టి ట్రాక్టర్లు రెండు వచ్చి వేపచెట్టు కింద ఆగాయి. డ్రైవర్లు బీడీలు కాలుస్తూ కూర్చున్నారు. విద్యార్థులు టేపుకు బరువు కట్టి లోపలికి వదులుతూ లోతు రాసుకుంటున్నారు. బస్తీ ఆడవాళ్లు ముందురోజే ఉన్న బిందెలు, కుండలు, డబ్బాలు అన్నీ నింపి పెట్టుకున్నారు. తోడి పారేస్తున్నది వాళ్లు తాగే నీళ్లు.

అంతయ్య భార్య ఇంద్రమ్మ ఊరుకోలేదు. "ఉన్న నీళ్లన్నీ తోడిపోస్తున్నవు. మల్ల రాకపోతే? ఆ రాళ్లు నూరిన నీళ్లు తెచ్చి తాపుతవా బస్తీకి?"

"వస్తయే ఇంద్రా."

"వస్తయంట! నీ అవ్వ చెప్పిందా, అయ్య చెప్పిండా?"

"అయ్యనే చెప్పిండు."

పదకొండుకు బావి అడుగు బయటపడింది. బురద, నాలుగు కప్పలు, ఒక సైకిలు టైరు. పంపు ఆపేశారు. అందరం లోపలికి చూస్తూ నిలబడ్డాం. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. పడమటి గోడ మీద తడి మరక తప్ప ఏమీ లేదు. టేపు చదివే అమ్మాయి గొంతు ప్రతిసారీ కాస్త చిన్నదవుతోంది. పన్నెండున్నరకు జానెడు నీళ్లు కూడా చేరలేదు. ఒక ట్రాక్టరు డ్రైవరు బీడీ పారేసి లేచాడు. కుసుమకుమారి గారు అంతయ్య వైపు చూశారు. "ఊట ఇంత నెమ్మదిగా ఉండకూడదు. ఏదో అడ్డం ఉండాలి" అన్నారు.

అంతయ్య చొక్కా విప్పి ఇంద్రమ్మ చేతికిచ్చాడు. గడ్డపార తీసుకుని గోడలోకి పొడుచుకొచ్చిన రాతి మెట్ల మీదుగా దిగాడు. కిందికి వెళ్లి పడమటి గోడ మొదట్లో చేత్తో తడిమాడు. పలక మందం చూసినట్టే, వేలి కొసలతో. తర్వాత పైకి చూసి అరిచాడు.

"సాంబమూర్తి సార్! మీ ఇండ్ల మలబా అంత ఈడనే ఉంది సార్!"

అవును. రెండేళ్లుగా కాలనీలో ఏ గోడ కూల్చినా, ఏ స్లాబు చెక్కినా ఆ చెత్త రాత్రికి రాత్రి బావిలో పడేది. విరిగిన ఇటుకలు, గట్టిపడ్డ సిమెంటు సంచులు బురద కింద ఒకదాని మీద ఒకటి పేరుకుని ఊట నోరు మూసేశాయి. ఎలాగూ మేం వాడని బావే కదా అనుకున్నాం. మా ఇంటి ఇటుకలు కూడా అందులో ఉన్నాయని ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. అప్పుడు మాత్రం తల దించుకున్నాను.

అంతయ్య పొడుస్తుంటే బస్తీ మగవాళ్లు ఐదుగురు దిగారు. తట్టలు తాడుకు కట్టి చెత్త పైకి పంపారు. పైన తాడు లాగడానికి చేతులు చాలక ఇబ్బంది పడుతుంటే సాంబమూర్తి గారు పంచె బిగించి తాడు పట్టుకున్నారు. అది చూసి మేమూ పట్టుకున్నాం. రెండున్నరకు ఒక పెద్ద సిమెంటు ముద్ద కదిలింది. దాని వెనక నుంచి చెయ్యంత లావు నీళ్లు బుడబుడమని దూకాయి.

"ఎక్కుండ్రి, ఎక్కుండ్రి పైకి!" అని అంతయ్య కేక వేశాడు. అందరికన్నా చివర తనెక్కాడు. పైకొచ్చేసరికి ఇంద్రమ్మ చొక్కాతోనే ఆయన ముఖం తుడిచింది. ఏడుస్తూ తిడుతోంది.

ఐదు గంటలకు టేపు చదివే అమ్మాయి గట్టిగా చెప్పింది. "ఆరడుగుల రెండంగుళాలు!" కుసుమకుమారి గారు సాంబమూర్తి గారి వైపు తిరిగారు. "మీరెంత ఎత్తండీ మాస్టారూ?" అందరూ ఫక్కున నవ్వారు. మాస్టారు ఐదడుగుల నాలుగంగుళాలు. ఆయన ట్రాక్టర్ల వాళ్లను వెళ్లిపొమ్మని చేయి ఊపారు.

కథ ఇక్కడ అయిపోయి ఉంటే రాయడం నాకు తేలికయ్యేది. కానీ అయిపోలేదు. వారం తర్వాత నీళ్లు తేటపడ్డాయి. సంఘం మళ్లీ కూర్చుంది. ఈసారి అంతయ్యకు కుర్చీ వేశారు. సన్మానం చేస్తామని శాలువా తెచ్చారు. దానితో పాటే ఒక కాగితం కూడా తెచ్చారు. బావి వాడకం: పొద్దున కాలనీవారు, సాయంత్రం బస్తీవారు.

నీళ్లకు గంటలు పంచడం అందరికీ మామూలు సంగతిలా కనిపించింది. ఎవరు ఎవరి తర్వాత చేదుకోవాలో ఈ దేశంలో ఎప్పుడూ ఇలా మర్యాదగానే రాస్తారు. అంతయ్య ఆ కాగితం చదివాడు. శాలువా మడిచి బల్ల మీద పెట్టాడు.

"సార్, ఆదివారం నాడు తాడు గుంజినప్పుడు ఎవరు ముందు, ఎవరు ఎనుక అని ఎవరన్న అడిగిండ్రా? అందరం ఒక్కటే తాడు పట్టినం. ఇప్పుడు టైములెందుకు సార్? ఎవరు ముందొస్తే వాళ్లు తోడుకుంటరు. గట్లయితేనే నాకు శాలువ కప్పుండ్రి. లేకుంటే వద్దు. మల్ల పూడ్చమంటరా, పూడ్చుండ్రి."

ఇద్దరు ముగ్గురు గొణిగారు. "మడీ ఆచారమూ ఉన్నవాళ్లున్నారు కదండీ" అన్నారొకరు.

అప్పుడు సాంబమూర్తి గారి భార్య సీతామహాలక్ష్మి గారు లేచారు. సమావేశాల్లో ఆవిడ గొంతు మేమెన్నడూ వినలేదు. "మడి కట్టుకునేది నేనే. నాకు లేని అభ్యంతరం మీకెందుకు నాయనా? రెండేళ్లుగా ఏ ట్యాంకరు ఏ గుంటలోంచి తెచ్చిందో తెలియని నీళ్లతో పూజ చేశాను" అన్నారు. అంటూనే ఇంట్లోకి వెళ్లి ఇత్తడి బిందె తీసుకుని బావి వైపు నడిచారు.

మేమందరం వెనకే వెళ్లాం. బావి దగ్గర బస్తీ ఆడవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. ఆవిడను చూసి పక్కకు జరగబోయారు. ఆవిడ ఆగిపోయారు.

"జరక్కండమ్మా. వరసలో చివర ఎవరు?"

ఇంద్రమ్మ వెనక్కి తిరిగింది. "నేనే అమ్మా. రాండ్రి, నా ఎనుక నిలవడుండ్రి. తాడు జర జారుతది, పైలం."