డబ్బు కురిసే డబ్బా

జంగమ్మ ఫోన్ ముందు పెట్టుకొని అంతసేపు మాట్లాడుతుంటే అవతల ఎవరో ఉన్నారనే ఎవరైనా అనుకుంటారు. ఎవరూ లేరు! ఉన్నదల్లా కంప్యూటర్లు విప్పి చూపించే శివకృష్ణ వీడియో. జడ్చర్లలో రిపేరు దుకాణం పెట్టుకున్న ఆ మనిషి ప్రతి వీడియో చివరా చేతులు దులుపుకొని, "మీకు ఇంకేం వీడియో గావాల్నో కింద చెప్పుండ్రి" అంటాడు. చెప్పమన్నాడు కదా అని జంగమ్మ చెప్పేది. ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకొని, "అయ్యా, మా బడిల కంప్యూటర్ డబ్బ కరుస్తాంది. ముట్టుకుంటే పటుక్కున కరుస్తాంది. గదెందుకో జర సూపియ్యి" అనేది. అలా అయిదు రోజులు చెప్పింది. ఆరో రోజు అతను తాపీగా ఏదో చిన్న ఫ్యాను బిగించి చూపించేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"అడిగినోడు ఇనాలె గదనే! చెప్పుమని ఆయనే అంటడు, చెప్తె ఇనడు" అని కూతురు తిరుమల మీద విరుచుకుపడింది.

తిరుమల కడుపు పట్టుకొని నవ్వింది. "అమ్మా, గది వీడియోనే. నువ్వు మాట్లాడితె గాయినకు ఇనబడదు. కింద రాయాలె."

"రాసుడొస్తె నేను చీపురెందుకు పడ్త?"

అదీ నిజమే. జంగమ్మకు యాభై మూడేళ్లు. పెళ్లయిన కొత్తలో భర్త బక్కయ్యతో కలిసి పుణె దాకా పోయి కాలువ పనుల్లో మట్టి తట్టలు మోసింది. బక్కయ్య అక్కడే జ్వరంతో పోతే, పిల్లను చంకనేసుకొని జడ్చర్ల అవతలి తన ఊరికి తిరిగొచ్చింది. రాష్ట్రం వచ్చిన రెండేళ్లకు ఊరి హైస్కూల్లో ఊడ్చే పని దొరికింది. అంతకంటే మంచి పని ఆమె జన్మలో ఎరగదు. నీడన పని, పిల్లల మధ్య పని. పిల్లలు ఆయమ్మా అని పిలుస్తారు. నోరు మాత్రం కొంచెం పెద్దది. మనసులో మాట ఆ నోట్లో ఆగదు. పెద్దసారు మొదలు అటెండరు దాకా అందరూ ఆ నోటి రుచి చూసినవాళ్లే.

బడికి పది కంప్యూటర్లు తెచ్చింది లెక్కల సారు వీరేశం. నాలుగు కంపెనీల గుమ్మాలెక్కి దిగి, అడిగి, బతిమాలి తెచ్చాడు. ఆ పదింటినీ ఆయన కన్నబిడ్డల్లా చూసుకుంటాడంటే అతిశయోక్తి కాదు. గదిలో దుమ్ము కనబడకూడదు. రోజూ తడిగుడ్డ పెట్టాలి. పిల్లలందరూ చెప్పులు బయట విడిచి రావాలి. గుడికి పోయినా అంత నిష్ఠ ఉండదు! ఆయన బూట్లు మాత్రం గడప దాటేవి. లేసులు విప్పి కట్టేసరికి పీరియడ్ అయిపోతుందట.

ఆ గదిలోనే జంగమ్మకు మొదటిసారి చెయ్యి జుమ్మంది. నేల తుడుస్తూ ఒక డబ్బా మీద చెయ్యి ఆనించింది. వేళ్ల చివర్ల నుంచి మోచేతి దాకా చీమలు పాకినట్టయింది. మర్నాడూ అంతే. వీరేశం సారుతో చెబితే ఆయన తన చెయ్యి అదే డబ్బా మీద పెట్టి చూపించాడు. ఆయనకేమీ కాలేదు. ఎందుకవుతుంది, కాళ్లకు రబ్బరు అడుగున్న బూట్లాయె!

"నీకు నరాల బలహీనత జంగమ్మా. మహబూబ్‌నగర్ పోయి పెద్ద దవాఖానల సూపిచ్చుకో" అన్నాడు.

పిచ్చిది, పోయింది కూడా. నెల రోజులు పసుపు గోలీలు మింగింది. గోలీలు అయిపోయాయి గానీ జుమ్మనడం పోలేదు. ఒకరోజు కిటికీ పక్కనున్న అయిదో బల్లను, ఇనుప బల్ల అది, తడి చేత్తో ముట్టుకుంది. భుజం పట్టి ఎవరో విసిరికొట్టినట్టయింది. గోడకు జారగిలబడి అలాగే కూర్చుండిపోయింది. అప్పుడు తెలిసింది ఆమెకు, రోగం తన నరాల్లో లేదని. ఆ గదిలో ఉత్త కాళ్లతో తడి నేల మీద నిలబడేది తానొక్కతే. తడి ఆరకముందే పిల్లలొచ్చి నిలబడితే?

ఆనాటి నుంచి తుడిచిన ప్రతిసారీ పాత చీర ముక్కతో, మోకాళ్ల మీద కూర్చొని, మూలమూలా నేల ఆరబెట్టేది. పిల్లలు వచ్చేసరికి నేల ఎండిపోయి ఉండేది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ నమ్మలేదు. చివరికి ఒక శుక్రవారం వీరేశం సారు విసుక్కున్నాడు. "గదొక్కటి తుడువనీకి గంటసేపా? సోమవారం నుంచి మొదటి పీరియడే కంప్యూటర్ క్లాసు. తుడిసినవా, పక్కకు జరిగినవా, అంతే. గా ఆరబెట్టుడు బందు" అన్నాడు.

సోమవారం! జంగమ్మకు చెప్పుకునే దిక్కు మిగిలింది ఆ ఫోనులోని మనిషొక్కడే. తిరుమల తన కంపెనీ బస్సు కోసం పరుగెత్తుతూనే, "గీ మైకు బొమ్మ నొక్కి చెప్పు. ఫోనే రాసుకుంటది. ఎనక గీ బాణం నొక్కు" అని చూపించి పోయింది. జంగమ్మ గొంతు సవరించుకొని, బడి పేరుతో సహా, అరిచినంత పనిచేసి చెప్పింది. బాణం నొక్కింది. గుండె మీద నుంచి బండ దించుకున్నట్టు ఊపిరి పీల్చింది.

శివకృష్ణ ఆదివారాలు చూసేవాళ్ల కోరికలు చదివి వినిపిస్తాడు. చర్చి నుంచి వచ్చి తల్లీకూతుళ్లు ఫోన్ ముందు కూర్చున్నారు. ఎవరో తక్కువ ఖర్చులో ఆటలాడే కంప్యూటర్ ఎట్లా కూర్చుకోవాలో అడిగారు. ఇంకెవరో పాతదాని వేగం పెంచమన్నారు. ఆ తర్వాత శివకృష్ణ ఒకటి చదవబోయి, ఆగి, నవ్వు ఆపుకోలేక బల్ల మీద చరిచాడు.

"ఇగ గిది ఇనుండ్రి! 'మా బడిలో కంప్యూటర్ డబ్బు కురుస్తుంది. ముట్టుకుంటే పటుక్కున కురుస్తుంది.' అవ్వో, అమ్మో! నా దుకాణంల ఇరవై కంప్యూటర్లున్నయ్, ఒక్కటన్న పది రూపాలు రాల్చలే. బడి పేరు గూడ పెట్టింది సూడుండ్రి. పోదాం పాండ్రి, సంచులు పట్టుకొని!"

జంగమ్మ ఫోను మీదికి వంగింది. "నేనెప్పుడన్న? తిరుమలా, నేనెప్పుడన్ననే గా మాట? డబ్బ కరుస్తదంటె డబ్బు కురుస్తదంటడేందే!"

తిరుమల ఫోన్ లాక్కొని చూసింది. అక్షరాలా అలాగే ఉంది. తల్లి ఒకటి చెబితే ఫోన్ ఇంకొకటి రాసుకుంది. "ఫోనుకు మన మాట తెల్వదే అమ్మా" అంది, ఏడవాలో నవ్వాలో తెలియక. అప్పటికప్పుడు తన చేత్తో కింద రాసింది, మా అమ్మ చెప్పింది డబ్బు కురవడం కాదు, డబ్బా కరవడం, షాక్ కొడుతోంది అని. రాసిందే గానీ అక్కడ నవ్వులు వందల కొద్దీ వచ్చిపడుతున్నాయి. ఆ గోలలో ఈ మాట ఎక్కడ మునిగిందో కనబడలేదు. కొంచెం కిందికి జరిపితే వీరేశం సారు రాసింది కనిపించింది. ఆయన నిప్పులు చెరిగాడు. మా బడి పరువు తీశారు, పేరు తీసేయండి, లేదంటే ఈ నంబరుకు ఫోన్ చేసి సంజాయిషీ చెప్పండి అని తన నంబరు కూడా పెట్టాడు.

సోమవారం పొద్దున జంగమ్మ బడి గేటు తీయడానికి పోతే అప్పటికే పాతికమంది పిల్లలు నిలబడి ఉన్నారు. "ఆయమ్మా, ఏ డబ్బ? ఎంత కురుస్తది? రెండు చేతులు పెట్టాల్నా, ఒకటి సరిపోతదా?"

ముట్టుకోవద్దని చెప్పబోయి ముట్టుకోమని ఊరంతా చాటింపు వేసినట్టయింది కదా! కంప్యూటర్ గది నేలకు ఆ రోజు నీళ్లే తగలనివ్వకూడదని నిశ్చయించుకుంది. కానీ వీరేశం సారు వచ్చి, నేల మీద వేలితో గీసి, దుమ్ము చూసి, ఆయనే దగ్గరుండి తడిగుడ్డ పెట్టించాడు. చీర ముక్కతో ఆమె వంగబోతే, "లెవ్వు!" అని గద్దించాడు. ఆ వెంటనే పది కంప్యూటర్లూ ఆన్ చేశాడు.

పిల్లలు చెప్పులు విడిచి గడప దగ్గర గుంపు కట్టారు. సారు మొహం ఎర్రగా ఉంది. "అందరు సూడుండ్రి. డబ్బులు కురుస్తయో, మన్ను కురుస్తదో ఇప్పుడే తేలిపోతది. నాగరాణీ, రా బిడ్డా. గా కిటికీ పక్క బల్ల మీద చెయ్యి పెట్టు."

ఎనిమిదో తరగతి నాగరాణి, గొర్లకాపరి బీరప్ప బిడ్డ, పేరు పిలిచినందుకు పొంగిపోయి గడప దాటి తడి నేల మీద కాలు పెట్టింది. జంగమ్మ ఒక్క ఉరుకున అడ్డం పోయి ఆ పిల్ల జబ్బ పట్టుకొని వెనక్కి గుంజింది.

"పిల్లను పిలువకు సారూ! ముట్టుకునుడుంటె నువ్వు ముట్టుకో. బూట్లిడిసి ముట్టుకో!"

ఊడ్చే మనిషి సారును పట్టుకొని బూట్లు విప్పమంటుందా! సరిగ్గా అప్పుడే సారు ఫోన్ మోగింది. ఎత్తి, అందరూ వినేలా పెట్టి కిటికీ మీద ఉంచాడు.

"సార్, నేను జడ్చర్ల నుంచి శివకృష్ణ మాట్లాడుతున్న. తప్పయింది సార్. ఆమె డబ్బు కురుస్తదనలే, డబ్బ కరుస్తదన్నది. బిడ్డ రాసింది నేను ఇప్పుడే సూసిన. కరెంటు లీకయితుండొచ్చు. ఎవల్ని ముట్టుకోనియ్యకుండ్రి. నేను మీటర్ పట్టుకొని వస్తున్న."

సారు అక్కడ ఆగవలసింది. ఎవరైనా ఆగుతారు. కానీ పిల్లల ముందు, ఊడ్చే మనిషి ముందు, నిన్నటిదాకా నవ్విన ఆ వీడియో మనిషి ముందు ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. "కరుస్తదా? నా కంప్యూటర్లు కరుస్తయా? ఇగో, ఇడుస్తున్న బూట్లు!" అంటూ లేసులు తెంపినంత పనిచేసి, మేజోళ్లు కూడా లాగి పడేశాడు.

"వద్దు సారూ, నేను కోపంల అన్న! నీ కాల్మొక్త, వద్దు!" అని జంగమ్మ మొత్తుకుంది. ఫోనులోంచి శివకృష్ణ కూడా అరుస్తూనే ఉన్నాడు.

అసలు సంగతి ఆ సాయంత్రం శివకృష్ణ వచ్చి గోడ మీది బోర్డు విప్పితే గానీ తెలియలేదు. భూమిలోకి పోవలసిన మూడో తీగను బిగించినవాళ్లెవరో జానెడు పొడవున కోసి, టేపు చుట్టి, లోపలికి తోసేశారు. అది ఎక్కడికీ పోవడం లేదు. పైగా అయిదో బల్ల ఇనుప కాలు కింద కరెంటు వైరు నలిగి నలిగి రాగి బయటపడింది. వీరేశం సారు తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి గట్టిగా పట్టుకున్నది ఆ బల్లనే.

కేక పెట్టలేదు ఆయన. పెట్టలేకపోయాడు. మెడ నరాలు తేలాయి, పళ్లు కరుచుకున్నాయి, ఒళ్లంతా వణుకుతోంది, చెయ్యి మాత్రం బల్లను వదలడం లేదు. పిల్లలకు ఒక్క క్షణం అర్థం కాలేదు. సారు వేళాకోళం చేస్తున్నాడనుకొని ఒకరిద్దరు నవ్వారు కూడా. జంగమ్మకు అర్థమైంది. తలుపు వెనక బూజు దులిపే చీపురు ఉంది, పొడవాటి ఎండు వెదురు కర్రకు కట్టినది. దాన్ని అందుకొని, బలమంతా పెట్టి సారు చేతి మీద కొట్టింది. వదల్లేదు. "ఇడువ్! ఇడువయ్యా!" అని ఏడుస్తూ రెండోసారి కొట్టింది. చెయ్యి ఊడివచ్చింది. ఆయన మొదలు నరికిన మానులా వెల్లకిలా పడ్డాడు. ఆమె పరుగెత్తి మెయిన్ స్విచ్ కిందికి లాగింది.

గదిలో ఫ్యాన్ల చప్పుడు కూడా ఆగిపోయింది. పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. మా వైపు చీపురు కాలికి తగిలితేనే తరాల తగాదాలవుతాయి. అలాంటిది ఊడ్చే జంగమ్మ సారును చీపురుతో రెండు దెబ్బలు కొట్టింది! అది ఆమెకూ అప్పుడే తెలివికొచ్చింది. చీపురును అవతల పారేసి, ఆయన పక్కన కూలబడి, "తప్పయింది సారూ. చీపురుతోటి కొట్టిన. చేతికి గదే దొరికింది సారూ" అంటూ తల బాదుకుంది.

కిటికీ మీద ఫోన్ ఇంకా అరుస్తూనే ఉంది. "అవ్వా! ఏమైందవ్వా? ఎవలన్న మాట్లాడుండ్రి! నేను నవ్వొద్దుండె అవ్వా, నేను నవ్వొద్దుండె!" అని ఆ మనిషి ఏడుస్తున్నాడు.

ఎంతసేపటికో వీరేశం సారు కళ్లు తెరిచాడు. పెదవులు నల్లబడ్డాయి. అరచెయ్యి కాలి బొబ్బలెక్కింది. ఆయన జంగమ్మ వైపు చూడలేదు, చీపురు వైపూ చూడలేదు. గడప దగ్గర నిలబడ్డ నాగరాణి సన్నటి ఉత్త కాళ్లనే చూస్తున్నాడు. ఆ కాళ్ల తడి గడప మీద అచ్చుపడి ఉంది.

"ముందుగాల గా పిల్లను పిలిచిన జంగమ్మా" అన్నాడు. "బూట్లేసుకొని నిలబడి, గా పిల్లను పిలిచిన."

జంగమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకొని ఊరుకోబెట్టింది. దవాఖానకు ఆటో వచ్చేదాకా ఆయన ఆ ఒక్క మాటే అంటూ ఉన్నాడు.